చిన్న ఫైబర్ బోటులో ఎన్ఎంఈఏ 2000 స్టార్టర్ కిట్: ఏం కలుస్తుంది, ఏం కలవదు

ఎన్ఎంఈఏ 2000 అంటే బోటులోని సెట్లన్నీ ఒకే లైను మీద అంకెలు పంచుకునే పద్ధతి. ముందు నిరాశపరిచే మాట చెప్పేస్తే తర్వాత గొడవ ఉండదు. ఈ కిట్ కొని ఫిష్ ఫైండర్‌నీ జీపీఎస్ ప్లాటర్‌నీ (బోటు చోటును మ్యాపు మీద చూపే తెర) కలిపినంత మాత్రాన, ఫిష్ ఫైండర్‌లో కనబడే చేపల గుంపు బొమ్మ ప్లాటర్ తెర మీదికి రాదు. వచ్చేవి అంకెలు. లోతు ఎంత, నీళ్ల వేడి ఎంత, బోటు ఎక్కడుంది, ఎంత వేగంతో ఎటు పోతోంది, చుట్టుపక్కల ఏ ఓడలున్నాయి, అంతే. ఈ లైను సెకనుకు 250 కిలోబిట్లు మోస్తుంది. సోనార్ బొమ్మ అంత సన్న గొట్టంలో పట్టదు. బొమ్మ రెండు తెరల మీదా కావాలంటే ఈథర్‌నెట్ కేబులో వైఫైయో ఉండాలి. అదీ ఒకే కంపెనీ సెట్ల మధ్య, అందులోనూ కొన్ని మోడళ్ల మధ్యే. "రెండూ కలిసిపోతాయి సార్" అని దుకాణంలో అనే మాట అబద్ధం కాదు. ఏం కలుస్తుందో అడక్కుండా మాత్రం డబ్బు కట్టకండి.

మరి అంకెల కోసం ఇంత ఖర్చెందుకు? వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు మీద మూత కింద ఆపదలో నొక్కే ఎర్ర బటన్ ఉంటుంది. అది నొక్కినప్పుడు బోటు ఉన్న చోటు దానంతటదే వెళ్లాలంటే ఆ సెట్టుకు జీపీఎస్ అంకెలు అందుతూ ఉండాలి. ఫిష్ ఫైండర్‌లో మంచి గుంపు కనిపించినప్పుడు అక్కడే గుర్తు పెట్టుకోవాలన్నా అవే అంకెలు కావాలి. రాత్రి వేళ రేవులోకి వచ్చేటప్పుడు మ్యాపు పక్కనే లోతు కనబడితే రెండు తెరల మధ్య మెడ తిప్పుకునే పని తప్పుతుంది. కిట్ విలువ ఇక్కడ ఉంది.

ఈ సమీక్షకు కొలతగా తీసుకున్నది మన తీరంలో మామూలుగా కనిపించే అమరిక: 9 నుంచి 10 మీటర్ల ఫైబర్ బోటు, 12 వోల్టుల బ్యాటరీ, ఫురునో ఎఫ్‌సీవీ-628 ఫిష్ ఫైండర్, ఎన్ఎంఈఏ 2000 పోర్టు ఉన్న 7 అంగుళాల ప్లాటర్, 25 వాట్ల డీఎస్‌సీ (ఆ ఎర్ర బటన్ కబురును అంకెల్లో పంపే ఏర్పాటు) వీహెచ్‌ఎఫ్, రేపో మాపో పెట్టాలనుకుంటున్న ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల వివరాలు తెలిపే సెట్టు). ఇందులో ఒక చిక్కు ఉంది. ఎఫ్‌సీవీ-628కు ఎన్ఎంఈఏ 2000 పోర్టు లేదు. అది పాత ఎన్ఎంఈఏ 0183 భాషే మాట్లాడుతుంది. దాని సంగతి కిందకి వస్తుంది.

పెట్టె విప్పితే కనిపించేవి ప్లంబింగ్ సామానులాంటి టీ ముక్కలు, చివర్లకు బిగించే రెండు టెర్మినేటర్లు (ఒకటి మగది, ఒకటి ఆడది), కరెంటు కేబులు ఒకటి, సెట్టుకు వెళ్లే డ్రాప్ కేబులు ఒకటి. కంపెనీని బట్టి టీల సంఖ్య మారుతుంది. లెక్క తేలిక: సెట్లు ఎన్నో అన్ని టీలు, కరెంటుకు ఇంకొకటి. ప్లాటర్, వీహెచ్‌ఎఫ్, ఫిష్ ఫైండర్ కోసం గేట్‌వే (పాత భాషను కొత్తదానికి మార్చే పెట్టె), ఏఐఎస్ కలిపి నాలుగు, కరెంటు టీతో ఐదు. కిట్‌లో అన్ని ఉండవు కాబట్టి ఆర్డరు పెట్టేటప్పుడే అదనపు టీలు, డ్రాప్ కేబుళ్లు చేర్చండి. లేకపోతే రెండు టీల కోసం మళ్లీ కొరియరు వచ్చేదాకా పని ఆగుతుంది.

కనెక్టరును చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. ఐదు పిన్నులు, అందులో ఒకటి సరిగ్గా నడుమ. అంచున చిన్న గాడి. ఆ గాడి ఎదుటి దాని మిట్టలో కూర్చుంటేనే లోపలికి పోతుంది. కూర్చోకముందే బలవంతంగా తిప్పితే నడిమి పిన్ను వంగుతుంది. వంగిందంటే ఆ కేబులు సంగతి సరి, ఎందుకంటే నడిమిది డేటా లైను. ముందు గాడి కుదిరిందని వేళ్లకు తెలియాలి, తర్వాతే నట్టు తిప్పాలి. నట్టును చేత్తో బిగిస్తే చాలు, ప్లయర్ పెట్టొద్దు. లోపలున్న రబ్బరు రింగు నొక్కుకుంటే నీళ్లు ఆపుతుంది, చితికితే ఆపదు. బిగించే ముందు రింగుకు కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే ఉప్పు గాలికి నట్టు పట్టేయకుండా ఉంటుంది. మామూలు బేరింగ్ గ్రీజు వద్దు, రబ్బరును ఉబ్బించేస్తుంది.

ఈ ఐదు పిన్నుల ప్లగ్గే గార్మిన్, లోరెన్స్, ఫురునో కొత్త సెట్లలో ఉంటుంది. రేమెరీన్ వాళ్ల సీటాక్-ఎన్‌జీ, పాత సిమ్‌రాడ్ సిమ్‌నెట్ మాట్లాడేది ఇదే భాష అయినా ప్లగ్గు ఆకారం వేరు. వాటికి అడాప్టర్ కేబులు కొంటే సరిపోతుంది. ఫ్యాక్టరీ ఆటోమేషన్ దుకాణాల్లో ఎం12 ఐదు పిన్నుల కేబుళ్లు చవగ్గా దొరుకుతాయి, చూడ్డానికి అచ్చం ఇవే. వాటిలో డివైస్‌నెట్ కేబులైతే పనికొస్తుంది. ఉత్త సెన్సర్ కేబులైతే లోపల డేటా జంట మెలి తిప్పి ఉండదు. రేవులో పరీక్షిస్తే బాగానే నడిచి, ఇంజిన్ వేశాక తప్పులు మొదలవుతాయి.

చిన్న బోటులో అమరిక గురించి పెద్ద ఆలోచన అక్కర్లేదు. టీలన్నీ ఒకదాని పక్కన ఒకటి నేరుగా బిగించేయండి. ఆ వరసే బ్యాక్‌బోన్. రెండు చివర్లా టెర్మినేటర్లు. మొత్తం వరసను స్టీరింగ్ దగ్గర తడి తగలని గోడకు క్లిప్పులతో కొట్టి, ఒక్కో సెట్టుకూ ఒక్కో డ్రాప్ కేబులు దించితే పని అయిపోయినట్టే. డ్రాప్ కేబులు 6 మీటర్లు దాటకూడదు, అన్నీ కలిపి 78 మీటర్లు దాటకూడదు అని నియమం. పది మీటర్ల బోటులో రెండోది గుర్తు పెట్టుకోనక్కర్లేదు. మొదటిది మాత్రం అమరం దాకా వైరు లాగేవాళ్లకు అడ్డం వస్తుంది. అప్పుడు డ్రాప్‌ను పొడిగించకండి, బ్యాక్‌బోన్‌నే అటు సాగదీయండి. వరసను మధ్యలో విడదీసి బ్యాక్‌బోన్ కేబులు వేసి, అమరం దగ్గర ఇంకో టీ పెట్టి, టెర్మినేటర్‌ను అక్కడికి మార్చాలి.

ఎక్కువమంది చేసే తప్పు టెర్మినేటర్ల దగ్గరే. సెట్టు లేని ఖాళీ టీ నోటికి "ఊరికే తెరిచి ఉంది కదా" అని మూడో టెర్మినేటర్ బిగిస్తారు. దానికి పెట్టాల్సింది రబ్బరు మూత. లేదా ఒక చివర టెర్మినేటర్ పెట్టడం మరిచిపోతారు, చిన్న లైను కాబట్టి కొన్నాళ్లు నడుస్తుంది కూడా. పరీక్ష అర నిమిషం పని. కరెంటు పూర్తిగా ఆపి, మీటరును ఓమ్స్‌లో పెట్టి, ఖాళీ టీలో 4వ పిన్నుకూ నడిమి 5వ పిన్నుకూ మధ్య కొలవండి. కేబులు లోపల ఇవి తెల్ల, నీలం వైర్లు. ఒక్కో టెర్మినేటర్ 120 ఓమ్‌లు, రెండూ పక్కపక్కన పడితే 60. మీటరు 60కి అటూ ఇటూ చూపిస్తే లైను ఆరోగ్యంగా ఉన్నట్టు. 120 చూపిస్తే ఒకటి లేదు, లేదా ఆ వైపు ఎక్కడో తెగింది. 40 చూపిస్తే మూడు ఉన్నాయి. అసలు ఏమీ చూపించకపోతే రెండూ లేవు. ఈ ఒక్క కొలత తెలిస్తే టెక్నీషియన్ కోసం ఎదురుచూసే రోజులు సగానికి సగం తగ్గుతాయి.

ఇక అసలు గొడవంతా కరెంటుదే. డేటా తప్పు అనుకుని సెట్లు మార్చిన బోట్లలో చాలావాటికి తప్పు బ్యాటరీ వైరులో ఉంటుంది. లైనుకు 9 నుంచి 16 వోల్టుల మధ్య కావాలి. ఎర్ర వైరు ప్లస్, నల్ల వైరు మైనస్, 3 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా, ఒకే ఒక్క చోట నుంచి ఇవ్వాలి. ప్లాటర్, వీహెచ్‌ఎఫ్ తమ సొంత కరెంటు తాము తీసుకుంటాయి. నెట్‌వర్క్ లైను కరెంటుతో నడిచేవి గేట్‌వే, సెన్సర్ల వంటి చిన్నవే. వాటి వాడకాన్ని ఎల్ఈఎన్ అనే అంకెలో రాస్తారు, 1 ఎల్ఈఎన్ అంటే 50 మిల్లీ ఆంపియర్లు. నాలుగైదు చిన్న సెట్లకు 3 ఆంపియర్లు పుష్కలం. పెద్ద ఫ్యూజు వేస్తే ఒరిగేదేమీ లేదు, కేబులు కాలే ప్రమాదం తప్ప. కవచం వైరు, అంటే తొడుగు లేని ఒంటి తీగ, కరెంటు ఇచ్చే చోట ఒక్కచోటే మైనస్‌కు కలవాలి.

వైరు లావు దగ్గర పీనాసితనం పనికిరాదు. బ్యాటరీ నుంచి వీహెచ్‌ఎఫ్ దాకా 5 మీటర్లు అనుకుందాం, రానూ పోనూ 10 మీటర్ల రాగి. 1 చదరపు మిల్లీమీటరు వైరైతే దాని నిరోధం సుమారు 0.17 ఓమ్. 25 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 6 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంటే వైరులోనే ఒక వోల్టు పోతుంది. అప్పటికే బాగా దిగిన బ్యాటరీ 11.8 దగ్గరుంటే సెట్టుకు అందేది 10.8. ఫిష్ ఫైండర్ కూడా అదే వైరు మీద ఉంటే, మైకు బటన్ నొక్కిన ప్రతిసారీ దాని తెర మసకబారడమో, ఆగి మళ్లీ మొదలవడమో జరుగుతుంది. అదే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది పావు వోల్టు. అందుకని బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టె దాకా 4 లేదా 6 చదరపు మిల్లీమీటర్లు, అక్కడి నుంచి ఒక్కో సెట్టుకు ఒక్కో ఫ్యూజుతో విడి లైను వేయండి.

ఆ వైరు ఏ రకమన్నది ఇంకా ముఖ్యం. ఇంటి వైరింగులో మిగిలిన ఒంటి తీగ వైరును బోటులో వాడితే ఇంజిన్ అదురుకు లగ్గు దగ్గరే తెగుతుంది. సన్న పోగుల వైరు తెగదు గానీ, పోగుల మీద తగరపు పూత లేకపోతే ఇంకో జబ్బు. ఏడాది పాతదాన్ని కోసి, తొడుగు ఒక అంగుళం ఒలిచి చూడండి. రాగి మెరవదు. నల్లగా, పొడిపొడిగా, అంచున పచ్చటి చిలుముతో ఉంటుంది. ఇంకో అంగుళం ఒలిస్తే అక్కడా నలుపే. ఉప్పు నీళ్లు పోగుల సందుల్లోంచి లోపలికి పాకి ఉంటాయి. పైకి తొడుగు కొత్తగానే కనిపిస్తుంది, మీటరు కూడా 12 వోల్టులు చూపిస్తుంది. లోడు పడగానే కూలిపోతుంది. తగరపు పూత ఉన్న మెరైన్ వైరు, క్రింప్ చేసిన లగ్గు, దాని మీద జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్, ఈ మూడూ కలిస్తే ఆ జబ్బు రాదు. మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు ఎండకు జిగురు కరిగి ఊడిపోతుంది, లేదా నీళ్లు పట్టి లోపలే ఉంచుకుంటుంది. రెండోది మరీ చెడ్డది.

సెల్ఫ్ స్టార్ట్ ఇంజిన్ ఉన్న బోటులో ఒకే బ్యాటరీ మీద అన్నీ నడిపితే, స్టార్టరు తిరిగే క్షణాన వోల్టేజి 9 కిందకి పడి లైను మొత్తం ఆగిపోయి మళ్లీ లేస్తుంది. ప్లాటర్ జీపీఎస్ పట్టుకునేదాకా వీహెచ్‌ఎఫ్ తెర మీద చోటు అంకెలు ఉండవు. రెండో బ్యాటరీ పెట్టుకోగలిగితే సెట్లన్నీ దాని మీద వేయండి. సోలార్ పలకతో ఛార్జి చేసేవాళ్లు ఒక సంగతి గమనించాలి. చవక కంట్రోలర్లు, ఎల్ఈడీ లైట్ల డ్రైవర్లు కరెంటులో గోల పుట్టిస్తాయి. అది ఫిష్ ఫైండర్ తెర మీద సన్న గీతల్లాగా, వీహెచ్‌ఎఫ్‌లో ఆగని బుస శబ్దంలాగా బయటపడుతుంది. ఒక్కోటే ఆపుతూ పోతే దొంగ దొరుకుతాడు.

ఇప్పుడు ఎఫ్‌సీవీ-628 సంగతి. దాన్ని కొత్త లైనులోకి తేవాలంటే మధ్యలో దుబాసీ కావాలి. యాక్టిసెన్స్ ఎన్‌జీడబ్ల్యూ-1 లాంటి గేట్‌వే ఒక వైపు 0183 వైర్లు, ఇంకో వైపు 2000 ప్లగ్గు పెట్టుకుని రెండు వైపులా అనువాదం చేస్తుంది. కరెంటు నెట్‌వర్క్ లైను నుంచే తీసుకుంటుంది. ఫిష్ ఫైండర్ ఇచ్చే లోతు, నీటి వేడి ప్లాటర్‌కు పోతాయి, ప్లాటర్ ఇచ్చే చోటు ఫిష్ ఫైండర్‌కు వస్తుంది. పని బాగానే చేస్తుంది. కానీ ఇది విడిగా కొనాల్సిన సరుకు, కిట్‌లో రాదు. లెక్క వేసేటప్పుడు దీన్ని కలపకపోతే బడ్జెట్ తప్పుతుంది.

నిజానికి ఫిష్ ఫైండర్, ప్లాటర్, వీహెచ్‌ఎఫ్ ఈ మూడే ఉండి ఏఐఎస్ ఆలోచన లేకపోతే, కిట్టూ వద్దు గేట్‌వే కూడా వద్దు. 0183 వైర్లు నాలుగు కలిపితే పని జరిగిపోతుంది. నియమం ఒక్కటే: మాట్లాడే వైరు వినే వైరుకు కలవాలి. గార్మిన్ వాళ్లు వీటిని టీఎక్స్, ఆర్ఎక్స్ అంటారు, ఫురునో వాళ్లు టీడీ, ఆర్‌డీ అంటారు. గార్మిన్ ఎకోమ్యాప్ కరెంటు కేబులులో నీలం వైరు మాట్లాడేది, గోధుమ రంగుది వినేది. ఫురునోలో ఒక్కోదానికి ఎ, బి అని రెండేసి వైర్లు ఉంటాయి. కలిపే తీరు ఇది: ఎకోమ్యాప్ నీలం వైరు ఫురునో ఆర్‌డీ-ఎకి, ఎకోమ్యాప్ నల్ల వైరు అంటే గ్రౌండు ఆర్‌డీ-బికి. ఫురునో టీడీ-ఎ ఎకోమ్యాప్ గోధుమ వైరుకు. టీడీ-బిని దేనికీ కలపకుండా కొన మూసి వదిలేయాలి, గ్రౌండుకు తగిలించకూడదు. రెండు సెట్ల మైనస్ ఒకే బ్యాటరీకి చేరాలి. వీహెచ్‌ఎఫ్ వినే వైరును కూడా అదే నీలం వైరుకు కలిపేయొచ్చు, ఎందుకంటే ఒకరు మాట్లాడితే ఇద్దరు ముగ్గురు వినొచ్చు. తర్వాత ప్లాటర్ సెట్టింగుల్లో ఆ పోర్టును ఎన్ఎంఈఏ 0183 అని పెట్టి, వేగం 4800 ఉంచితే చాలు. రంగుల విషయంలో జాగ్రత్త. ఇక్కడ నీలం మాట్లాడే వైరు, 2000 కేబులులో నీలం డేటా జంటలో ఒకటి. ఒకదాని రంగు లెక్క ఇంకోదానికి చెల్లదు.

ఈ చవక దారి ఎక్కడ మూసుకుపోతుందంటే, ఇద్దరు ఒకేసారి మాట్లాడాల్సి వచ్చినప్పుడు. ప్లాటర్‌కు వినే చెవి ఒక్కటే. దాంట్లో ఫిష్ ఫైండర్ లోతు చెబుతుండగా ఏఐఎస్ ఓడల జాబితా చదివితే రెండూ అర్థం కావు. పైగా ఏఐఎస్ మాట్లాడే వేగం 38400, మిగతావాటిది 4800. ఈ రెంటినీ కలిపే మల్టీప్లెక్సర్ పెట్టె దొరుకుతుంది. ఆ డబ్బు పెట్టేటప్పుడు 2000 కిట్టే నయం. ఏఐఎస్ వస్తుందనుకుంటే మొదటి నుంచే కిట్ వేయండి, లేకపోతే నాలుగు వైర్లతో సరిపెట్టుకోండి. చిన్న బోటుకు ఎక్కువ అవసరం వచ్చేది ఈ రెండో దారే.

కొనే ముందు ప్లాటర్ వెనక్కి తిప్పి చూడండి. ఐదు పిన్నుల గుండ్రటి పోర్టు ఉంటేనే అది ఎన్ఎంఈఏ 2000. గార్మిన్ స్ట్రైకర్ వరసలో జీపీఎస్ ఉంటుంది, ఫిష్ ఫైండర్ ఉంటుంది, ఎన్ఎంఈఏ 2000 మాత్రం ఉండదు. ఒకే పేరున్న వరసలోనే చిన్న సైజుకు పోర్టు లేకుండా పెద్ద సైజుకు ఉండటం కూడా మామూలే.

కిట్ వల్ల ఎవరూ లెక్కలోకి తీసుకోని ఆదా ఒకటి ఉంది: రెండో ట్రాన్స్‌డ్యూసర్, అంటే నీళ్లలోకి శబ్దం పంపి ప్రతిధ్వని వినే ముక్క. ఫిష్ ఫైండర్‌కు ఒకటి, ప్లాటర్‌కు ఒకటి వేసి, రెండూ 200 కిలోహెర్ట్జ్ మీద నడిపితే ఒకదాని కేక ఇంకోదానికి వినబడుతుంది. తెర మీద ఏటవాలుగా చుక్కల గీతలు పరుగెడతాయి. వాటిని చేపలనుకుని వల వేసేవాళ్లూ ఉంటారు. ఇంటర్‌ఫరెన్స్ రిజెక్షన్ పెంచితే కొంత తగ్గుతుంది, దాంతోపాటు చిన్న చేపల గుర్తులూ మసకబారతాయి. ఎఫ్‌సీవీ-628ను 50, 200ల మీద ఉంచి, ప్లాటర్ సోనార్‌ను 455 లేదా 800 మీద నడపడం ఒక దారి. అసలు ప్లాటర్‌కు ట్రాన్స్‌డ్యూసరే పెట్టకుండా లోతు అంకెను లైను ద్వారా తీసుకోవడం ఇంకా మంచి దారి. ఒకే ట్రాన్స్‌డ్యూసర్ కేబులును చీల్చి రెండు సెట్లకు కలపడం మాత్రం దారి కాదు. ఒకటి కేక వేసినప్పుడు ఆ దెబ్బంతా రెండోదాని చెవిలో పడుతుంది, సెట్టు కాలిపోవచ్చు.

ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సబ్జెక్టు, ఇక్కడ రెండు మాటలు. అమరం పలకకు పెట్టేదైతే ప్రొపెల్లరుకు కనీసం 38 సెంటీమీటర్ల దూరంలో, రెక్కలు కిందకి దిగే వైపు, అంటే కుడి చేతి ప్రొపెల్లరుకు కుడి పక్కన బిగించాలి. బుడగలు తక్కువ తగులుతాయి. బోటుకు చిల్లు పెట్టకుండా లోపలి నుంచి అతికించే ఎయిర్‌మార్ పీ79 లాంటిది గట్టి ఫైబర్ గుండానే పనిచేస్తుంది. మధ్యలో ఫోమ్ గానీ చెక్క గానీ ఉంటే శబ్దం దాటదు. లోపల పెట్టినదానికి నీటి వేడి తెలియదు. ట్యూనా కోసం వెళ్లేవాళ్లకు ఆ అంకె కావాలి కాబట్టి వేడి సెన్సర్ విడిగా ఉండాలి. మిగిలిన కేబులును కోయకుండా చుట్ట చుట్టి కట్టేయండి. వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా కేబులు పక్కన మాత్రం కట్టొద్దు.

అంతా కలిపాక సెట్టింగులు. ఇక్కడే "కలిపాం గానీ అంకెలు తప్పు" అనే ఫిర్యాదులు పుడతాయి. లైనులో లోతు ఎప్పుడూ మీటర్లలోనే పోతుంది, చూపించే కొలత ఏ సెట్టుకు ఆ సెట్టు. ఫిష్ ఫైండర్‌ను బారల్లో, ప్లాటర్‌ను మీటర్లలో ఉంచితే ఒకటి 20 అంటుంది, ఇంకోటి 36.6 అంటుంది. ఫాదమ్ లెక్కన బార 1.83 మీటర్లు, రెండూ నిజమే. రెంటినీ ఒకే కొలతలో పెట్టండి. ట్రాన్స్‌డ్యూసర్ నీటిమట్టానికి ఎంత కింద ఉందో ఆ తేడాను ఒక్క సెట్టులోనే ఇవ్వాలి. రెండింటిలోనూ ఇస్తే రెండుసార్లు కలుస్తుంది. అర మీటరు తేడా నడిసముద్రంలో లెక్క కాదు గానీ, మొగలో ఇసుక మేట మీద అదే ప్రాణం. గోదావరి పాయల్లో నడిపి సముద్రంలోకి వెళ్లే బోట్లలో నీటి రకం మంచినీరు అని ఉండిపోతే ఉప్పు నీళ్లలో లోతు రెండు మూడు శాతం తక్కువ చూపిస్తుంది. ప్లాటర్‌కు రెండు చోట్ల నుంచి లోతు అందుతుంటే ఏది నమ్మాలో డేటా సోర్సుల్లో మీరే ఎంచాలి.

చోటు అంకెల రూపం కూడా చూసుకోండి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే చేపలు దొరికే ప్రాంతాల సమాచారంలో అక్షాంశ రేఖాంశాలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటాయి. ప్లాటర్లు చాలావరకు డిగ్రీలు, దశాంశ నిమిషాల్లో ఉంటాయి. 17 డిగ్రీల 41 నిమిషాల 30 సెకన్లు అంటే 17 డిగ్రీల 41.500 నిమిషాలు. దాన్ని 41.300 అని కొడితే 0.2 నాటికల్ మైలు, అంటే 370 మీటర్లు పక్కకు పోతారు. లెక్క వేయడం కన్నా ప్లాటర్ సెట్టింగులో రూపం మార్చడం తేలిక.

వీహెచ్‌ఎఫ్ డీఎస్‌సీ పనిచేయాలంటే ఎమ్ఎమ్ఎస్ఐ అంకె (బోటు రేడియోకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) కొట్టాలి, మన దేశంలో అది 419తో మొదలవుతుంది. చాలా సెట్లలో ఆ అంకెను ఒకటి రెండుసార్లే కొట్టనిస్తారు, తప్పు కొడితే సెట్టు డీలరు దగ్గరికి పోవాల్సిందే. కాబట్టి కాగితం ఎదురుగా పెట్టుకుని కొట్టండి. 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రారంభించిన పథకం కింద లక్ష వేట బోట్లకు పెట్టే, ఉపగ్రహం ద్వారా కబురు పంపే ఇస్రో ట్రాన్స్‌పాండర్‌ను ఈ లైనుకు కలిపే పని లేదు. అది నభ్‌మిత్ర యాప్ ద్వారా ఫోనుతో బ్లూటూత్‌లో మాట్లాడుతుంది. దాని కరెంటు లైను విడిగా ఉంచండి. ఈ కిట్‌లో ఏ ఫ్యూజు పోయినా అది ఆగకూడదు.

మార్కులు వేయాలంటే కిట్‌కు ఐదుకు నాలుగు. ప్లగ్గులు గట్టివి, సరిగ్గా వేస్తే ఏళ్ల తరబడి ముట్టుకోనక్కర్లేదు, ఎన్ఎంఈఏ 2000 ఉన్న ఏ కంపెనీ సెట్టయినా కలుస్తుంది. ఒక మార్కు తగ్గింది టీల లెక్కకు, కరెంటు కేబులు కొనలు ఒట్టి వైర్లుగా వదిలేసినందుకు. గేట్‌వే కూడా కొనాల్సి వచ్చే బోటుకైతే మూడే, ఎందుకంటే ఆ ఖర్చుకు దక్కేవి రెండు అంకెలు.

బిగించే పనికి మంచి సమయం వేట నిషేధం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. బోటు ఒడ్డున ఉంటుంది, ట్రాన్స్‌డ్యూసర్ ముఖం చేతికందుతుంది. దాని మీది నాచును ప్లాస్టిక్ చెక్కతో గీకండి, బ్లేడు వద్దు. పెయింటు వేయాలనుకుంటే ట్రాన్స్‌డ్యూసర్‌కు నీటితో కలిపే రకమే వేయాలి, థిన్నరు కలిపేది ముఖాన్ని తినేస్తుంది. ఒక్కో టీ మీద ఏ సెట్టుదో మార్కరుతో రాసి, 60 ఓమ్‌ల కొలత చూసి, ఆ అంకెనూ తేదీనీ ఫ్యూజు పెట్టె మూత లోపలి వైపు రాసిపెట్టండి. వచ్చే నిషేధంలో మళ్లీ కొలిచినప్పుడు తేడా వచ్చిందో లేదో అక్కడే తెలుస్తుంది.